కీబోర్డుకి కింది ఇంటి మార్కులు

జొంజు,
జూన్ 9

105వ బ్లాకు, 703లో ఉండేవారికి,

కింది 603 నుంచి బాంగ్ మల్‌సూన్ నమస్కారాలు. లిఫ్టులో ఎదురుపడినప్పుడు తలలు వంచుకుని దిగిపోవడమే గాని మనం మాట్లాడుకున్నది లేదు. తలుపు కొట్టి అడుగుదామంటే, చప్పుళ్ళ విషయంలో ఎవరూ ఎవరి తలుపూ కొట్టరాదు, చీటీ రాసుకోవాలి అని అపార్టుమెంటు ఆఫీసువారు లిఫ్టులో కాగితం అంటించారు. అందుకని రాస్తున్నాను.

మీ ఇంట్లో రోజూ మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఎవరో టైపు కొడుతున్నారు. మీ బల్ల తూర్పు గోడకి ఆనించి ఉన్నట్టుంది. ఆ గోడలోంచి దిగే నీళ్ళ గొట్టం సరిగ్గా నా మంచం తలవైపుకి వస్తుంది. కొట్టిన ప్రతి అక్షరమూ నాకు వినబడుతుంది. రెండు నెలలుగా వింటున్నాను. మీ పరిస్థితి ఏమిటో నాకు పూర్తిగా అర్థమైంది. అది పైకి అనే మాట కాదు కనుక అనను.

ఒక్కటే అడుగుతాను. రోజుకి నాలుగు గంటల చొప్పున ఇది ఎంతకాలం సాగుతుంది?

ఇట్లు,
బాంగ్ మల్‌సూన్

తా.క. మొన్న గురువారం మూడున్నరకి ఆగిపోయి అరగంట దాకా మొదలుపెట్టలేదు. ఎందుకు?


జొంజు,
జూన్ 10

603 బామ్మగారికి,

పై ఇంటి నుంచి తక్ సోల్బి వంగి వంగి పెట్టే నమస్కారాలు. తలుపు సందులో మీ చీటీ చూడగానే నా గుండె జారింది. కింది ఇంటి నుంచి చీటీ వచ్చిందంటే ఈ దేశంలో దానికి ఒకటే అర్థం కదండీ.

ఆ కొట్టేది నేనే. అది టైపు కాదు, కంప్యూటర్ ఆట. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు ఒకరి కోటని ఒకరు కూలగొట్టుకుంటారు. ఇరవై నాలుగేళ్ళొచ్చి ఇంకా ఆటేమిటి అని మీరనుకోవచ్చు. మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అదే అంటుంది. కానీ జూలై ఇరవైన సియోల్‌లో ఒక జట్టువాళ్ళు కొత్తవాళ్ళని ఎంచుకుంటున్నారు. ఇరవై నాలుగు దాటితే తీసుకోరు. అంటే నాకు ఇదే మొదటిది, ఇదే ఆఖరిది. అందుకే ఇన్సూరెన్సు కంపెనీలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం వదిలేశాను. పొద్దున్న పూట మా అన్నయ్య కూరలు, పచ్చళ్ళు అమ్మే కొట్లో ముల్లంగి తరుగుతాను, మధ్యాహ్నం సాధన చేస్తాను. ఉద్యోగం లేదన్న నా పరిస్థితి మీ దాకా కూడా వచ్చిందని తెలిసి తలెత్తుకోలేకపోతున్నాను.

ఒక్క వేడుకోలు బామ్మగారూ. ఇంతకుముందున్న ఇంట్లో కిందివాళ్ళు నాలుగుసార్లు ఫిర్యాదు చేస్తే మేం ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. అప్పటినుంచి మా అన్నయ్యది ఒకటే మాట. "కింద నుంచి ఆఫీసుకి ఒక్క ఫిర్యాదు వెళ్ళిందా, ఆ కంప్యూటర్ వీధిలో ఉంటుంది" అంటాడు. అన్నమాట తప్పే మనిషి కాదు. దయచేసి ఆఫీసుకి వెళ్ళకండి. ఏమన్నా నన్నే అనండి, నాకే రాయండి.

మీ మన్నింపు కోరుతూ,
తక్ సోల్బి

తా.క. గురువారం మూడున్నరకి ఓడిపోయాం. ఆ అరగంట ఏడవడానికి.


జొంజు,
జూన్ 14

అమ్మాయ్ సోల్బీ,

నా మనవరాలి ఈడుదానివని తెలిసింది కనుక ఇక నువ్వనే అంటాను. ఆఫీసుకి వెళ్ళే ఉద్దేశం నాకు లేదు, నిశ్చింతగా ఉండు.

నేను పోస్టాఫీసు వెనక వీధిలో ముప్పై ఒక్క ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాను. నలభై మిషన్లు. కళ్ళు మూసుకుని కూర్చున్నా, ఎవరి ఏ చెయ్యి కొడుతోందో, ఏది ఊరుకుందో చెప్పగలిగేదాన్ని. నిన్నూ అలాగే పట్టాను. ఎడమవైపు పై వరసలో నాలుగు అక్షరాలు, కింద పెద్ద మీట. రెండు నెలల్లో అంతకు మించి ఒక్క అక్షరం లేదు. ఎవరో మొద్దు పిల్ల అని మొదట అనుకున్నాను. సంగతి బోధపడ్డాక నన్ను నేనే తిట్టుకున్నాను.

మీలాంటివాళ్ళకి కూడా పోటీలు పెట్టి, జట్టుల్లోకి తీసుకుంటున్నారంటే లోకానికి కాస్త బుద్ధి వచ్చిందన్నమాట. నువ్వు గెలవాలి.

ఈ సంచిలో ఉన్ని తొడుగు ఉంది. జూన్ నెలలో ఉన్ని ఏమిటని నవ్వకు, వేడి తగులుతూ ఉండాలి. కుడిచేతికి ఒక్కటే అల్లాను. ఎందుకో నీకు తెలుసు.

ఆశీస్సులతో,
బాంగ్ మల్‌సూన్

తా.క. ఓడినప్పుడు ఏడవడానికి అరగంట ఎక్కువ. నా శిష్యులకి పది నిమిషాలే ఇచ్చేదాన్ని.


జొంజు,
జూన్ 17

గౌరవనీయులైన బామ్మగారికి,

తొడుగు అందింది. అల్లిక చాలా బాగుంది. అయితే "ఎందుకో నీకు తెలుసు" అని మీరు రాశారు గాని, నిజం చెప్పొద్దూ, నాకు తెలియలేదు. రెండు రోజులు దాన్ని తిప్పి తిప్పి చూశాను. చివరికి మా వదినే చెప్పింది. "పిచ్చిదానా, చప్పుడు రాకుండా కీబోర్డు కింద పరుచుకోమని. పెద్దవాళ్ళు తిట్టకుండా తిట్టడమంటే ఇదే" అంది. వెంటనే పరిచాను. తొడుక్కోవడానికైతే మీరు రెండూ పంపి ఉండేవారు కదా.

మీలాంటివాళ్ళు అని మీరన్నదాని గురించి కూడా ఆలోచించాను. అవునండీ, ఇంటర్నెట్లో నాతో కలిసి ఆడే మా జట్టులో చాలామంది నాలాంటివాళ్ళే. ఒక అబ్బాయైతే ఆరేళ్ళుగా ఖాళీ.

ఇప్పుడొక కష్టం వచ్చింది. నా కీబోర్డు చివరి దశలో ఉంది. ఒక కీ నొక్కితే లోపలికి పోయి మళ్ళీ పైకి రావడం లేదు, గోరుతో లాగాలి. కొత్తది కొనక తప్పదు. యాభై వేల వొన్ పెట్టి చవకది కొంటే నెల తిరక్కుండా మూలపడుతుంది. నాలుగు లక్షలవి ఉన్నాయి, వాటిని దుకాణంవాడు ముట్టుకోనివ్వడు కూడా. నా దగ్గరున్నది లక్షన్నర. నడిమి రకమే నాకు గతి. కొనడం కంటే ఎంచుకోవడం కష్టంగా ఉంది. ప్రతి కీ కిందా ఒక స్విచ్చి ఉంటుంది. అది నీలం రంగైతే ఒకలా పలుకుతుంది, గోధుమ రంగైతే ఒకలా. ఈ మధ్య అయస్కాంతంతో పనిచేసేవి వచ్చాయి. వేలు కాస్త లేపితే చాలు, కీ వదిలేసిందని కంప్యూటర్‌కి తెలిసిపోతుంది. అవి కాక, చప్పుడు బొత్తిగా రానివి ఉన్నాయి. తెరిచి చూస్తే ఒక్కోటీ ఒక్కో లోకం. వారం రోజులుగా అన్నం తింటూ కూడా వాటి గురించే చదువుతున్నాను.

బస్టాండు దగ్గరి దుకాణం ఆయన నా గుర్తింపు కార్డు ఉంచుకుని, రెండేసి రోజులు ఒక్కో కీబోర్డు ఇంటికిస్తానన్నాడు. నాలుగు తెస్తాను. మీరు కింద నుంచి విని, ఒక్కో దాని చప్పుడుకి పదికి ఎన్నో మార్కులు వెయ్యగలరా? మీ మార్కుల మీదే నా నిర్ణయం.

మీ,
సోల్బి

తా.క. ఇవాళ ఓడాం. తొమ్మిది నిమిషాలే ఏడ్చాను.


జొంజు,
జూన్ 29

అమ్మాయ్ సోల్బీ,

తొడుగుని బల్ల మీద పరుచుకున్నావని చదివి మనసు కలుక్కుమంది. తొడుక్కునే స్థితి కూడా లేదని నేను ఊహించలేదు. ఇక ఆ మాట ఎత్తను.

మార్కులు ఇవి. ఇరవై రెండేళ్ళ తర్వాత ఎర్ర పెన్ను పట్టాను.

నీలం రంగుది: ఒక్కో నొక్కుకి రెండు చప్పుళ్ళు. పోతూ ఒకటి, వస్తూ ఒకటి. ఏడు.

గోధుమ రంగుది: చెప్పుకోవడానికేమీ లేదు. ఐదు.

అయస్కాంతంది: ప్రతి నొక్కూ విడివిడిగా, స్పష్టంగా వినబడింది. తొమ్మిది. మిగిలిన ఒక్క మార్కు ఎందుకు తగ్గించానో అడక్కు.

చప్పుడు రానిది: తడి బట్ట మీద కొట్టినట్టుంది. రెండు.

ఇంకొక మాట. నామ్‌బు బజారులో సూదులు గుచ్చే వైద్యుడు ఒకడున్నాడు. ఏళ్ళ తరబడి ఉన్నదాన్ని కూడా నాలుగు సార్లలో కుదిర్చేస్తాడు. నా పేరు చెప్పు. సిగ్గుపడితే బాగుపడేది ఏదీ ఉండదు.

ఆశీస్సులతో,
బాంగ్ మల్‌సూన్

తా.క. ఈ స్విచ్చిలకి రంగులు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు? మా మిషన్లన్నీ నల్లవే. తీరిక ఉంటే రాయి.


జొంజు,
జూలై 1

గౌరవనీయులైన బామ్మగారికి,

మీ మార్కులు తలకెత్తుకున్నాను. వాటి ప్రకారమే కొనేశాను. రెండు మార్కులదే.

అయస్కాంతందాన్ని దుకాణంలో తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం చెయ్యి రాలేదు. దాని మీద ఆడిన రెండు రోజుల్లో తొమ్మిది ఆటలకి ఎనిమిది గెలిచాం. నా వేళ్ళు ఏమనుకుంటే అది చేసింది. కానీ మీ దగ్గర తొమ్మిది తెచ్చుకున్నదాన్ని ఇంటికి తెచ్చే ధైర్యం నాకు లేదు. చప్పుడు రానిది చేతిలోకి తీసుకుంటే దుకాణం ఆయన కూడా "ఆడేవాళ్ళెవరూ ఇది కొనరమ్మా, లైబ్రరీవాళ్ళు కొంటారు" అన్నాడు. పెద్దవాళ్ళ మాట కాదనలేనని చెప్పాను.

వైద్యుడి గురించి రాశారు. కోపం తెచ్చుకోకండి, నాది జబ్బు కాదు బామ్మగారూ. రోజుకి నాలుగు గంటలు కూర్చుంటే లోకం జబ్బనే అంటుంది. నాకు ఇది తప్ప ఏదీ చేతకాదు, ఇంకేదీ ఇష్టం లేదు. ఈ నెల ఇరవై తర్వాత నాకు వైద్యం కావాలో వద్దో తేలిపోతుంది.

మీ,
సోల్బి

తా.క. రంగుల సంగతి మా జట్టువాళ్ళందర్నీ అడిగాను. ఏది ఏదో గుర్తుపట్టడానికట. దానికి నీలమే ఎందుకు అంటే ఎవరికీ తెలియదు. పదేళ్ళుగా నొక్కుతున్నాం, ఒక్కరమూ అడగలేదు.


జొంజు,
జూలై 6

అమ్మాయ్ సోల్బీ,

నా మార్కులు చూసి రెండుదాన్ని ఎంచుకున్న పిల్లవి నువ్వొక్కతెవే. నీ కారణాలు నీకుంటాయి. మెత్తటివైతే వేళ్ళకి తేలికేమో.

ఆరు రోజులుగా మీ ఇంటి నుంచి ఏమీ వినబడటం లేదు. గొట్టానికి చెవి ఆనించి చూశాను. పైన ఉన్నావా? ఇంట్లో అందరూ క్షేమమేనా? ఎముకల పులుసు గిన్నె సంచిలో పెట్టి తలుపు పిడికి తగిలించాను. నరాలకి బలం.

బాంగ్ మల్‌సూన్


జొంజు,
జూలై 8

గౌరవనీయులైన బామ్మగారికి,

ఏమీ వినబడటం లేదని మీరు రాసిన ముక్క మా అన్నయ్యకి చదివి వినిపించాను. ఆయన మీ గుమ్మం వైపు తిరిగి దణ్ణం పెట్టాడు. ఇంత మంచి మాట కింది ఇంటి నుంచి రావడం మా వంశంలో మొదటిసారి. పులుసు ముగ్గురం తాగాం.

మీతో కాబట్టి చెబుతున్నాను, ఆట మాత్రం చెడింది. ఈ కీ నొక్కితే నొక్కానో లేదో వేలికే తెలియడం లేదు. పద్నాలుగు ఆటలకి పదకొండు ఓడాను. మా జట్టు అమ్మాయి "ఆడలేక మద్దెల ఓడు అనకు" అంది. ఒకప్పుడు నేనూ ఇంకొకరిని ఆ మాటే అన్నాను కాబట్టి నోరు మూసుకున్నాను. ఇంకా పన్నెండు రోజులుంది. అలవాటు చేసుకుంటాను. మీకు ప్రశాంతంగా ఉంటే నాకదే చాలు.

మీ,
సోల్బి

తా.క. చాలనేది పూర్తిగా నిజం కాదు.


జొంజు,
జూలై 13, పదకొండు గంటలు

సోల్బీ,

ఇప్పుడే లిఫ్టులోంచి దిగాను. కొట్టు ఏప్రాను కట్టుకుని, పది కిలోల ముల్లంగి బస్తా కుడిచేత్తో ఎత్తి కుడి భుజం మీద వేసుకుని నా పక్కన నిలబడ్డ పిల్ల ఏడో అంతస్తు బొత్తాం నొక్కింది. దాన్ని కూడా కుడిచేత్తోనే నొక్కింది.

అది నువ్వేనా? నువ్వే అయితే సమాధానం రాయి. నేను నీ కోసం మూడు వారాలుగా దేవుడికి మొక్కుకుంటున్నాను. ఆయన ముందు నన్ను అబద్ధాలకోరుని చెయ్యకు.

బాంగ్ మల్‌సూన్


జొంజు,
జూలై 13, పన్నెండున్నర

బామ్మగారూ,

అది నేనే. మీకు తల వంచి నమస్కారం పెట్టలేదనా కోపం? బస్తా ఉండబట్టి వంగలేకపోయాను.

మీ చీటీ వదినకి చూపించాను. కుడిచెయ్యి అని రెండుసార్లు ఎందుకు రాశారో ఆవిడకీ అర్థం కాలేదు. అప్పుడు మీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టి చదివాం. ఏ చెయ్యి ఊరుకుందో, ఒక్క తొడుగు, నరాలకి బలం, సూదుల వైద్యుడు. చదువుతూ చదువుతూ వదిన మెల్లగా నేల మీద కూర్చుంది. నవ్వాపుకోలేక లేవలేకపోయింది.

బామ్మగారూ, నా కుడిచెయ్యి భేషుగ్గా ఉంది. ఆడేటప్పుడు దాని కింద మౌసు ఉంటుంది. కీబోర్డు పని అంతా ఎడమచేతిదే, అందరిదీ అంతే. మౌసు చప్పుడుకి మీ గొట్టం దాకా వచ్చే బలం లేదు. మిమ్మల్ని మోసం చెయ్యాలని నాకు కలలో కూడా లేదు. నేను మిమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదనే కదా, తొమ్మిది మార్కుల చప్పుడుదాన్ని వదులుకుని రెండు మార్కులది తెచ్చుకున్నాను. ఏడు రోజుల్లో ఎంపిక. ఈ కీబోర్డుతో నేను నెగ్గనని నాకు తెలుసు. తెలిసే నొక్కుతున్నాను.

సోల్బి

తా.క. తొడుగు ఉతికాను. ఎడమచేతికి పట్టడం లేదు.


జొంజు,
జూలై 15

అమ్మాయ్ సోల్బీ,

ముందు నీకు రెండు క్షమాపణలు. ఉక్కులాంటి చేతికి తొడుగు అల్లినందుకు ఒకటి. దాని మీద కోప్పడినందుకు ఒకటి. ఇక నా వంతు. పదికి తొమ్మిది తెచ్చుకున్న పిల్లని వాళ్ళ అమ్మానాన్నలు వీధంతా తిప్పి చూపించుకునేవాళ్ళు. నువ్వు దాన్ని దుకాణంలో తిరిగి ఇచ్చేశావు. నేను టీచర్ని. తొమ్మిది వేస్తే బాగుందని, రెండు వేస్తే ఇంటికి పొమ్మని. మార్కులు ఎక్కువైతే ముప్పు అన్న లెక్క నేను ఈ డెబ్భై ఆరేళ్ళలో ఎక్కడా వినలేదు.

నా చీటీల్లో ఒక్కటీ నీమీద ఫిర్యాదు కాదు. నలభై మిషన్ల చప్పుడులో ముప్పై ఒక్క ఏళ్ళు, భోజనం కాగానే కుర్చీలో కునుకు తీసినదాన్ని. ఇన్‌స్టిట్యూట్ మూశాక మధ్యాహ్నం నిద్ర అన్నదే నాకు లేదు. ఏప్రిల్‌లో ఒకరోజు గొట్టంలోంచి నీ చప్పుడు దిగింది. నడుం వాల్చినదాన్ని ఆరింటికి లేచాను. ఎంతకాలం సాగుతుందని నేను అడిగింది అందుకు, ఇంకా కొన్నాళ్ళు ఉంటుందా అని. తొమ్మిదిని పది చెయ్యకపోవడానికి కారణం కూడా చెబుతాను. పావుగంటకే నిద్రపోయాను. వినని దానికి మార్కు వెయ్యడం నా పద్ధతి కాదు. నువ్వు ఆ తడి బట్ట కొన్న రోజు నుంచి నేను కన్ను మూయలేదు.

అందుకని నిన్న ఆఫీసుకి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చాను. నీకు మాట ఇచ్చిన సంగతి గుర్తుంది, అయినా ఇచ్చాను. వాళ్ళ కాగితంలో చప్పుడు రకం అని గళ్ళున్నాయి. అడుగులు, పిల్లల గెంతులు, సంగీతం, సామాను జరపడం, ఇతరం. ఇతరం దగ్గర టిక్కు పెట్టి "అసలు లేదు" అని రాశాను. ఏ వేళల్లో అన్నచోట మధ్యాహ్నం రెండు నుంచి ఆరు. కోరిన పరిష్కారం అన్నచోట, వెంటనే మళ్ళీ మొదలుపెట్టాలి. మేనేజరు మూడుసార్లు చదువుకుని మంచినీళ్ళు తాగాడు.

సాయంత్రం మీ అన్నయ్య నాలుగు డబ్బాల పచ్చళ్ళతో నా గుమ్మంలో నిలబడ్డాడు. మేం ఏం మాట్లాడుకున్నామో నీకు అక్కర్లేదు. అయస్కాంతం కీబోర్డు ఇవాళ నీ బల్ల మీదికి వస్తుంది. నువ్వు కొన్నదాన్ని లైబ్రరీకి ఇచ్చెయ్.

బాంగ్ మల్‌సూన్

తా.క. రెండింటికి మొదలుపెట్టు. పక్క వేసుకున్నాను.


జొంజు,
జూలై 22

మా బామ్మగారికి,

ముందు ఆ రోజు సంగతి. ఆఫీసు నుంచి ఫోన్ రాగానే, ఫిర్యాదు అన్న మాట వినబడగానే అన్నయ్య మిగతాది వినలేదు. వైర్లన్నీ పీకేసి నా కంప్యూటర్ని ఎత్తుకుని లిఫ్టు దాకా వెళ్ళాడు. నేను వెనకే ఏడుస్తూ పరిగెత్తాను. మేనేజరుగారే మళ్ళీ ఫోన్ చేసి, కాగితం అక్షరం అక్షరం చదివి వినిపించారట. అన్నయ్య లిఫ్టులోనే ఒకసారి పైకి, ఒకసారి కిందికి వెళ్ళొచ్చి, చివరికి మా అంతస్తులోనే కంప్యూటర్‌తో దిగాడు. "కింది ఇంటావిడకి నీ చప్పుడు కావాలట" అన్నాడు. మా ఇంట్లో ఆయన గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు.

సియోల్‌లో మూడు ఆటలు ఆడించారు. మొదటిది ఓడాను. ఏడవడానికి పది నిమిషాలు ఉంది గాని వాడుకోలేదు. తర్వాత రెండూ గెలిచాం. ఆ కీబోర్డు మీద వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి. రెండు వందల మందిలో ఐదుగురిని తీసుకున్నారు. నేను నాలుగోదాన్ని.

ఇక చెప్పలేని మాట చెప్పాలి. తీసుకున్నవాళ్ళంతా జట్టు ఇంట్లోనే ఉండాలి. ఎల్లుండే సియోల్ వెళ్ళిపోతున్నాను. ఈ సంగతి నాకు మొదట్నుంచీ తెలుసు. మీ నిద్ర సంగతే తెలియదు. తెలిశాక మీకు చెప్పడానికి నోరు రాలేదు. మీరు నాకు కీబోర్డు ఇప్పించారు, నేను మీ మధ్యాహ్నాలు పట్టుకుపోతున్నాను. రెండు రోజులుగా ఏ పనీ చెయ్యలేకపోతున్నాను.

ఈ కవర్లో చిన్న పెన్‌డ్రైవ్ ఉంది. నేను ఆడిన నాలుగు గంటలూ అందులో రికార్డు చేశాను. ఎలా పెట్టుకోవాలో వదిన వచ్చి చూపిస్తుంది. రోజూ రెండింటికి పెట్టుకోండి.

మీ,
సోల్బి

తా.క. మౌసు చప్పుడు కూడా వినబడేలా దగ్గర పెట్టి రికార్డు చేశాను. నా కుడిచెయ్యి పనిచేస్తుందని మీరు నమ్మాలి.


జొంజు,
జూలై 27

అమ్మాయ్ సోల్బీ,

ఐదుగురిలో నాలుగోదానివంటే బాగుంది. ఒకటో దానివైతే చెడిపోయేదానివి.

పెన్‌డ్రైవ్ తిరిగి పంపుతున్నాను. ఒక మధ్యాహ్నం పెట్టుకుని విన్నాను. నీ చప్పుడే, తప్పులేదు. కానీ రేపు కూడా నువ్వు అవే అక్షరాలు, అదే వరసలో, అదే తప్పుతో కొడతావని తెలిసి నిద్రపోవడం ఎలా? నువ్వు అక్కడ ఇంకా బాగా కొడుతూ ఉంటే నేనిక్కడ పాత సోల్బిని వింటూ పడుకోనా? వద్దు.

నువ్వు వెళ్ళిపోతావని నాకు చెప్పలేదని బాధపడుతున్నావు. మీ అన్నయ్య చెప్పాడు. నేను ఫిర్యాదు ఇచ్చిన సాయంత్రం, పచ్చళ్ళ డబ్బాలు కింద పెట్టకుండానే చెప్పాడు.

"ఆ కీబోర్డు కొనిస్తే అది నెగ్గుతుందండీ. నెగ్గితే వెళ్ళిపోతుంది. మీకు మళ్ళీ నిద్ర ఉండదు. కొనమంటారా, వద్దంటారా? మీరెలా అంటే అలా" అన్నాడు.

నేను జవాబు చెప్పడానికి కాసేపు పట్టింది. ఎంతసేపని అడక్కు, సిగ్గుగా ఉంది. తర్వాత "కొనండి, దుకాణం మూసేస్తారు" అన్నాను. నా దగ్గర నేర్చుకున్న నాలుగు వేల మందీ ఉద్యోగం రాగానే మిషను మీద గుడ్డ కప్పి వెళ్ళిపోయినవాళ్ళే. అలా వెళ్ళాలనే నేర్పాను. ఉన్నన్నాళ్ళు ఆ చప్పుడులో పడుకున్నాను, అదే నా జీతం. నువ్వు వెళ్ళడం నాకు కష్టంగానే ఉంది. ఉంటే ఉండనీ.

ఆరోగ్యం జాగ్రత్త. చల్లటివి తాగకు. బల్లకి మోచెయ్యి ఆనించి కొట్టకు, మణికట్టు పోతుంది.

ఆశీస్సులతో,
నీ బామ్మ, బాంగ్ మల్‌సూన్

తా.క. నువ్వు సియోల్ వెళ్ళిపోయిన రోజే మీ అన్నయ్య నీ గదిలో తూర్పు గోడకి ఆనించి పెద్ద చెక్కపీట వేశాడు. కొట్లో చోటు చాలడం లేదని నాతో అన్నాడు. మధ్యాహ్నం రెండింటికి ముల్లంగి తరగడం మొదలుపెడతాడు. లయ లేదు, తూకం లేదు, మధ్యలో ఆగి ఫోన్లు మాట్లాడతాడు. ఇంత చెడ్డగా కొట్టేవాణ్ణి నా ఇన్‌స్టిట్యూట్లో గుమ్మం కూడా తొక్కనిచ్చేదాన్ని కాదు. నిన్న తప్పులన్నీ రాసుకుని చీటీ పంపుదామని పెన్ను పట్టుకుని పడుకున్నాను. పదకొండో తప్పు దాకా రాసినట్టుంది. తర్వాతవి కాగితం మీద లేవు.